కణానికీ మనకీ మధ్య ఏముంది?

చందానగర్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ వాళ్లే. ప్లాస్టిక్ పలకల మీద కణాల జాడలు వెతికే పనిలో రిటైరయ్యానని తెలిసి, కాస్మిక్ కిరణాల గురించి అడుగుతుంటారు. ఆ పని నేర్పిన సంగతులు వాళ్ల కోసం రాసి పెడుతున్నాను.

1. ముందు అడ్డమేమిటో తెలుసుకోండి. "డిటెక్టర్ మన మేడ మీద పెట్టుకుంటే చాలదా, తాతగారూ?" అని ఒకమ్మాయి అడిగింది. మేడ మీదికీ కణాలు వస్తాయి తల్లీ. అరచేయి చాపితే సెకనుకు ఒకటి చొప్పున దాటిపోతాయి. కానీ అవి మ్యూయాన్లు. అసలు కిరణం చాలావరకు ప్రోటాన్, కొంత హీలియం, నూటికి ఒకటి మాత్రం అంతకన్నా బరువైన కేంద్రకం. అది ఏదైనా ఎక్కడో పైనే గాలిని ఢీకొని ముక్కలైపోతుంది; ఆ ముక్కల్లోంచి పుట్టినవే మ్యూయాన్లు. వచ్చింది ఇనుమో ఆక్సిజనో తేల్చాలంటే గాలిని దాటి వెళ్లాల్సిందే. అందుకే మొదట బెలూన్లు, తర్వాత ఉపగ్రహాలు.

2. రెండో అడ్డం భూమి అయస్కాంత క్షేత్రం. హైదరాబాద్ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి, ఇక్కడ నిట్టనిలువుగా దిగాలంటే ప్రోటాన్‌కు సుమారు 16 బిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. అంతకు తక్కువైతే వెనక్కి మళ్లిపోతుంది. ఈసీఐఎల్ దగ్గరి టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎక్స్-రే పరికరాలు ఎగరేసినవాళ్లకు, కణాల రొద తగ్గించే ఈ వడపోత పెద్ద వరం.

3. కణం ఎప్పుడు వచ్చిందో తెలియకపోతే, వచ్చిందని తెలిసినా సగమే తెలిసినట్టు. ఇది నాకు 'అనూరాధ' నేర్పిన పాఠం. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన సుకుమార్ బిశ్వాస్ బృందం, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్లు కలిసి చేసిన ప్రయోగం అది. 1985 ఏప్రిల్ 29న స్పేస్‌ల్యాబ్-3తో పాటు చాలెంజర్ షటిల్‌లో వెళ్లి, దాదాపు 350 కిలోమీటర్ల ఎత్తున తిరిగింది.

లోపల సీఆర్-39 అనే పారదర్శక ప్లాస్టిక్ పలకల దొంతరలు రెండు. ప్లాస్టిక్ జాడను దాస్తుంది గాని సమయం రాసుకోలేదు. అందుకని పై దొంతరను కదలకుండా బిగించి, కింది దొంతరను 10 సెకన్లకోసారి రవ్వంత తిప్పారు. కిందికి తెచ్చాక పలకల్ని వేడి సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే, కణం దూసుకుపోయిన దారి వెంట ప్లాస్టిక్ త్వరగా కరిగి, మైక్రోస్కోప్ కింద శంకువు ఆకారపు గుంట కనిపిస్తుంది. పై పలకలోని గుంటకు కింది పలకలోని జోడీ ఎంత పక్కకు జరిగిందో కొలిస్తే సమయం తేలుతుంది. సమయం తేలితే షటిల్ అప్పుడు ఎక్కడుందో తెలుస్తుంది. ఆ చోట అయస్కాంత క్షేత్రం ఏ కణాన్ని రానిస్తుందో, దేన్ని రానివ్వదో లెక్క కట్టొచ్చు.

ఎలక్ట్రాన్లన్నీ ఊడిన ఆక్సిజన్ అడుగుపెట్టలేని చోట తక్కువ శక్తి ఆక్సిజన్ దొరికిందంటే, దానికి ఎలక్ట్రాన్లు ఇంకా మిగిలుండి, ఆవేశం తక్కువై, క్షేత్రం దాన్ని తక్కువగా వంచినట్టే. అసంగత కాస్మిక్ కిరణాలనే రకంలో ఆక్సిజన్ ఒకే ఒక్క ఎలక్ట్రాన్ పోగొట్టుకుని వస్తోందనడానికి అలా బలమైన ఆధారం దొరికింది. అంటే నక్షత్రాల మధ్య నుంచి మామూలు పరమాణువుగా సౌరకుటుంబంలోకి చొరబడి, ఇక్కడ ఒక ఎలక్ట్రాన్ వదులుకుని, సౌరపవనం పొలిమేరలో వేగం పుంజుకుని తిరిగొచ్చిందన్నమాట. అడ్డమనుకున్న అయస్కాంత క్షేత్రాన్నే కొలబద్ద చేసుకున్నారు. జోడీలు కలపడం కళ్లు పీకే పని. అయినా ఇంతకన్నా అందమైన ప్రయోగం నేను చూడలేదు.

4. బలం కన్నా ఆయుష్షు ముఖ్యం. భౌతిక శాస్త్రవేత్త శామ్యూల్ టింగ్ నడిపిన ఏఎంఎస్-02 అనే కాస్మిక్ కిరణాల డిటెక్టర్‌లో మొదట అతివాహక అయస్కాంతం పెట్టాలనుకున్నారు. దాన్ని చల్లబరిచే ద్రవ హీలియం మూడేళ్లకు మించి రాదు. 2010లో అది తీసేసి, బలం తక్కువైనా మామూలు శాశ్వత అయస్కాంతం పెట్టారు. 2011 మేలో అంతరిక్ష కేంద్రానికి చేరిన ఆ ఏడున్నర టన్నుల పరికరం 200 బిలియన్లకు పైగా కణాల్ని నమోదు చేసింది. అనుకున్నదానికన్నా ఎక్కువగా కనిపించిన పాజిట్రాన్లు కృష్ణపదార్థం నుంచి వచ్చాయా, పల్సార్ల నుంచా అన్నది ఇంకా తేలలేదు. అలాంటి ప్రశ్నకు మూడేళ్లు ఏ మూలకు?

5. విప్పడానికి వీలుగా బిగించండి. ఏఎంఎస్‌ను అంతరిక్షంలో విప్పుతామని ఎవరూ అనుకోలేదు. చల్లబరిచే పంపులు మొరాయించాక, 2019 నవంబరు నుంచి 2020 జనవరి దాకా వ్యోమగాములు లూకా పర్మిటానో, ఆండ్రూ మోర్గాన్ నాలుగుసార్లు బయటికి వెళ్లి, గొట్టాలు కోసి కొత్త పంపులు అతికించాల్సి వచ్చింది.

6. మీ సర్వర్లకూ ఈ కణాలే తగులుతాయి. మెమరీలో ఒక్క బిట్ తారుమారైతే చాలు. 2003లో బెల్జియంలోని స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా పడితే, అది కాస్మిక్ కిరణం పనే కావచ్చని అనుమానించారు. తప్పు దిద్దే మెమరీకి పెట్టే ఖర్చు దండగ కాదు.

7. ఇందాక చెప్పిన పరికరాల బెలూన్ ఎక్కడ దిగినా ముట్టుకోకండి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో అలాంటిదొకటి దిగితే ఊరంతా వింతగా చూడటానికి వచ్చింది. మీ ఊళ్లోనూ పొలంలో రంగుల పారాచూట్‌తో పెట్టె కనిపించవచ్చు. తాడు కోయకండి, మూత తీయకండి. పెట్టె మీది నంబరుకో పోలీసులకో చెప్పండి. పిల్లల్ని వెళ్లగొట్టకండి, దూరంగా నిలబెట్టండి. లోపల ఏముందో, పెట్టె కోసం వచ్చినవాళ్లనే అడగమనండి.