అండర్-19 అమ్మాయిల క్రికెట్ జట్టు – మనం నేర్చుకోవలసిన పాఠం

ఈ వార్షికోత్సవ సంచికకు ఏ అంశం మీద వ్యాసం రాయాలని మేము అడిగినప్పుడు చెల్లెళ్ళలో ఎక్కువమంది క్రికెట్ పేరే చెప్పారు. అయితే మన వయసు అమ్మాయిలకు ఒక జాతీయ జట్టు ఉందని, అది రెండుసార్లు ప్రపంచకప్ గెలిచిందని వారిలో చాలామందికి తెలియదు. అందువల్ల పదవ తరగతి, ఇంటర్ విద్యార్థినులమైన మేము ఆ జట్టు గురించి చదివి తెలుసుకున్న విషయాలను ఒక పాఠంగా మీ ముందు ఉంచుతున్నాము.

జట్టుకు ముందు కాలం

అబ్బాయిలకు అండర్-19 ప్రపంచకప్ 1988లోనే మొదలైంది. అమ్మాయిలకు 2023లో మొదలైంది. మధ్యలో 35 సంవత్సరాలు గడిచిపోయాయి.

సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ 1999 జూన్‌లో, 16 ఏళ్ళ వయసులో, ఐర్లాండ్ మీద తన మొదటి వన్డే ఆడి 114 పరుగులతో నాటౌట్‌గా నిలిచారు. ఆమె కాలంలో అమ్మాయిలకు వయసును బట్టి ప్రపంచకప్ లేదు. స్కూలు వయసులోనే నేరుగా పెద్దల జట్టులోకి వెళ్ళి ఆడవలసి వచ్చింది. మహిళల క్రికెట్‌ను 1973లో ఏర్పడిన ప్రత్యేక సంఘం నడిపేది. 2006లో అది బీసీసీఐ పరిధిలోకి వచ్చింది. 2005లోను, 2017లోను మిథాలీ నాయకత్వంలో మన పెద్దల జట్టు వన్డే ప్రపంచకప్ ఫైనల్ చేరింది గాని కప్పు దక్కలేదు.

రెండు విజయాలు

మొదటి అండర్-19 ప్రపంచకప్ 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో జరిగింది. 16 జట్లు పాల్గొన్నాయి. మన కెప్టెన్ షఫాలీ వర్మ. జనవరి 29న జరిగిన ఫైనల్లో ఇంగ్లండ్ 68 పరుగులకే ఆలౌట్ కాగా, మన జట్టు 14 ఓవర్లలో 3 వికెట్లు మాత్రమే కోల్పోయి గెలిచింది. ఏ స్థాయిలోనైనా భారత మహిళలు గెలిచిన మొదటి క్రికెట్ ప్రపంచకప్ ఇదే! ఆ జట్టు కోచ్ నూషీన్ అల్ ఖదీర్ 2005 ఫైనల్లో ఓడిన జట్టు సభ్యురాలు. తనకు దక్కని కప్పును శిష్యురాళ్ళ చేత గెలిపించారు.

ఆ ఫైనల్లో 24 పరుగులు చేసిన అమ్మాయి గొంగడి త్రిష. మన భద్రాచలం బిడ్డ. 2005 డిసెంబరులో పుట్టింది. రెండవ ప్రపంచకప్ 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మలేసియాలో జరిగింది. అందులో స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచింది. ఈ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఫిబ్రవరి 2న ఫైనల్లో 15 పరుగులు మాత్రమే ఇచ్చి 3 వికెట్లు తీసింది, ఆ తర్వాత 44 పరుగులు చేసి ఆటను ముగించింది. 82 పరుగులకే ఆలౌటైన దక్షిణాఫ్రికాపై మన జట్టు 9 వికెట్ల తేడాతో గెలిచింది. టోర్నీ మొత్తం మీద త్రిష 309 పరుగులు, 7 వికెట్లు సాధించి ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. అదే జట్టులో హైదరాబాద్‌కు చెందిన కేసరి ధృతి, విశాఖపట్నానికి చెందిన షబ్నమ్ షకీల్ కూడా ఉన్నారు.

చిన్నవాళ్ళ జట్టు పెద్దల జట్టుకు నారుమడి వంటిది. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన మహిళలు వన్డే ప్రపంచకప్ గెలిచారు. ఆ ఫైనల్లో 87 పరుగులు చేసి, 2 వికెట్లు తీసింది 2023 నాటి చిన్నవాళ్ళ కెప్టెన్ షఫాలీయే.

వయసు ఆగదు

ఈ జట్టులోకి ఒక్కసారిగా ఎవరూ వెళ్ళరు. మెట్లు ఉన్నాయి. హైదరాబాద్ క్రికెట్ సంఘం తరఫున అండర్-15, అండర్-19, అండర్-23, సీనియర్ జట్లు బీసీసీఐ టోర్నీలలో ఆడతాయి. అక్కడ రాణించినవారిని శిబిరాలకు, అక్కడినుంచి జాతీయ జట్టుకు ఎంపిక చేస్తారు. జనన ధృవీకరణ పత్రం సరిగా లేకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాము.

అన్నిటికన్నా ముఖ్యం వయసు. మనలో చాలామందిమి పదవ తరగతి రాగానే ఆట మానేస్తాము. "ఇంటర్ అయ్యాక చూద్దాంలే" అంటాము. ఇంటర్ అయ్యేసరికి 17, 18 ఏళ్ళు వస్తాయి. అండర్-15 అప్పటికే దాటిపోతుంది. అండర్-19కు మిగిలేది ఒకటి, రెండు సంవత్సరాలే. పరీక్ష తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు, దాటిపోయిన వయసు మాత్రం తిరిగి రాదు.

అలాగని ఆలస్యమైనవారు నిరాశ పడనక్కరలేదు. కడప జిల్లాకు చెందిన శ్రీచరణి స్కూల్లో వేరే ఆటలు ఆడి, 16 ఏళ్ళు వచ్చాకే క్రికెట్ మీద గట్టిగా దృష్టి పెట్టింది. 2025 వన్డే ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. అయితే క్రికెట్లోకి రాకముందు కూడా ఆమె మైదానాన్ని వదిలిపెట్టలేదు. ఏ ఆటైనా సరే, ఒంటికి అలవాటు తప్పకూడదని దీని అర్థం.

త్రిష వెనుక తండ్రి, మన వెనుక ఎవరు?

త్రిష తండ్రి రామిరెడ్డి భద్రాచలంలో ఫిట్‌నెస్ శిక్షకుడిగా పని చేసేవారు. కూతురి ఆట కోసం ఊరు వదిలి సికింద్రాబాద్ చేరారు. జిమ్ అమ్ముకున్నారు, పొలం కూడా అమ్ముకున్నారు. కప్పు గెలిచాక 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం త్రిషకు కోటి రూపాయలు ప్రకటించింది. సంతోషమే. కాని ఆ కోటి గెలిచాక వచ్చింది. గెలవకముందు ఖర్చు మోసింది ఆ తండ్రే.

మన అమ్మానాన్నలలో కూలీ పనికి వెళ్ళేవారే ఎక్కువ. అమ్మడానికి వారికి జిమ్ లేదు, పొలం లేదు. వారి ప్రేమ మాత్రం ఎవరికీ తీసిపోదు. కాబట్టి ఆ తండ్రి చేసిన పనిని మన విషయంలో అందరూ కలిసి పంచుకోవాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

మన హాస్టల్ చుట్టూ ఉన్నది హైటెక్ సిటీ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఇక్కడి రాళ్ళ గుట్టలు, ఖాళీ జాగాలు అద్దాల భవనాలయ్యాయి. ఇప్పుడు ఇక్కడ క్రికెట్ ఆడాలంటే చాలాచోట్ల గంటకు ఇంత అని అద్దె కట్టి, వల కట్టిన చిన్న మైదానంలో ఆడాలి. ఉద్యోగస్తులు పదిమంది పంచుకుంటే అది వారికి భారం కాదు. మనకు భారమే. అయినా ఇదే ప్రాంతంలో, 2002 జాతీయ క్రీడల కోసం సిద్ధమైన గచ్చిబౌలి స్టేడియం ఉంది. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా అకాడమీలున్న సికింద్రాబాద్‌కు, ఇంకా ముందుకు వెళితే ఉప్పల్ దగ్గర స్టేడియం స్టేషన్‌కు చేరవచ్చు. దారి ఉంది. తోడు వచ్చే పెద్దవారే కావాలి.

మా మనవి

పెద్దలకు మేము వినయంగా మూడు కోరికలు విన్నవించుకుంటున్నాము.

1. సాయంత్రం ఆటల గంటను పదవ తరగతి వారికి కూడా ఉంచాలి. ఆ గంట తర్వాత రెట్టింపు శ్రద్ధతో చదువుతామని మాట ఇస్తున్నాము.

2. ప్రతి విద్యార్థిని జనన ధృవీకరణ పత్రం, ఆధార్‌లో పుట్టిన తేదీ సరిపోయాయో లేదో ఏడవ తరగతిలోనే చూడాలి.

3. ఈ హాస్టల్‌లో చదివి ఈ టవర్లలోనే ఉద్యోగాలు చేస్తున్న అక్కలు నెలకు ఒక ఆదివారం మాకు ఇవ్వాలి. బ్యాట్లు, ప్యాడ్లు తర్వాత సంగతి. ఎంపిక పోటీలు ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయో తెలుసుకుని చెప్పండి, మెట్రోలో మా వెంట రండి. అదే చాలు.

చెల్లెళ్ళకు ఒక మాట. మనమందరం జాతీయ జట్టుకు వెళ్ళలేము. దేశం మొత్తం మీద ఒక జట్టుకు పదిహేనుమందే. కాని ఆ పదిహేనుమందిలో ఒకరు మన హాస్టల్ నుంచి వెళ్ళాలంటే రోజూ సాయంత్రం ముప్ఫైమందిమి మైదానంలో ఉండాలి. బంతి వేసేవారు, పట్టేవారు, లెక్క రాసేవారు లేనిదే బ్యాటు పట్టినవారు నేర్చుకోలేరు. మూడవ అండర్-19 ప్రపంచకప్ 2027లో రావలసి ఉంది. దానికి మనలో పెద్దవాళ్ళం అందుకోలేకపోవచ్చు. ఇప్పుడు ఆరవ తరగతిలో ఉన్న చెల్లెళ్ళకు మాత్రం ఆ తర్వాత వచ్చేవాటికి కావలసినంత సమయం ఉంది. ఆ సమయాన్ని వారికి దక్కనిద్దాం.