మధ్యాహ్నం రెండింటికి అర్ధరాత్రి

మా షార్ట్ ఫిల్మ్‌లో ఉన్నవే నాలుగు సీన్లు. అందులో మూడు రాత్రిపూట జరిగేవి. రాసింది నేనే కాబట్టి తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు. నైట్ డ్యూటీకి వెళ్ళిన నాన్న కోసం కూతురు మేలుకుని ఉంటుంది, అదీ కథ. కూతురిగా చేసిన మా క్లాస్‌మేట్ సాయంత్రం ఆరింటికల్లా హాస్టల్లో ఉండాలి. ఇల్లు ఇచ్చిన ఫ్రెండ్ వాళ్ళ అమ్మగారేమో "ఆదివారం పది నుంచి ఐదు వరకే బాబూ" అన్నారు. అంటే రాత్రిని పగలే తీయాలి.

మొదటి ఆదివారం కిటికీలకి దుప్పట్లు కట్టి, లైట్లన్నీ ఆపేసి తీశాం. రాత్రంటే చీకటే కదా అనుకున్నాం. తర్వాత ల్యాప్‌టాప్‌లో చూస్తే బొమ్మ మీద ఇసుక చల్లినట్టుంది. వెలుతురు చాలకపోతే ఫోన్ తనంతట తనే ఐఎస్ఓ పెంచేస్తుంది, దాంతో వచ్చే నాయిస్ అది. అమ్మాయి కళ్ళు కూడా కనబడలేదు. ఫెస్ట్‌కి ఇంకా ఒక్క ఆదివారమే మిగిలింది.

ఆ వారమంతా డేటా స్ట్రక్చర్స్ పక్కన పెట్టి (నా మిడ్ మార్కులే సాక్ష్యం) రాత్రిళ్ళు మా హాస్టల్ గదిని చూస్తూ కూర్చున్నా. అప్పుడు అర్థమైంది. రాత్రి ఇంట్లో ఉండేది వట్టి చీకటి కాదు. ఒకచోట వెలుతురు ఉంటుంది, మిగతాచోట్ల ఉండదు, అంతే. పగటి వెలుతురు కిటికీలోంచి వచ్చి గోడలకి తగిలి గదంతా పరుచుకుంటుంది. రాత్రి దీపం అలా కాదు, దగ్గర్లోనే ఉంటుంది. చిన్న దీపానికి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగోవంతుకి పడిపోతుంది, ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీపట్టిన ఇన్వర్స్ స్క్వేర్ లా. అందుకే టేబుల్ లైట్ పక్కన ముఖం మెరుస్తుంటే వెనక గోడ మసకగా ఉండిపోతుంది.

ఇక రంగు సంగతి. పగటి వెలుతురు సుమారు 5600 కెల్విన్, ఇంట్లో ఫిలమెంట్ బల్బు 2700 దగ్గర. "తెలుపంటే ఇదీ" అని కెమెరాకి చెప్పేదే వైట్ బ్యాలెన్స్. దాన్ని 3200 దగ్గర లాక్ చేస్తే బల్బు వెలుతురు కొంచెం పసుపుగా, కిటికీలోంచి వచ్చే ఎండ నీలంగా పడతాయి. సినిమాల్లో మనం వెన్నెల అని నమ్మేది ఆ నీలాన్నే. నిజం చెప్పాలంటే వెన్నెల చంద్రుడి మీద పడి తిరిగొచ్చిన ఎండే, నీలం కాదు. మసక వెలుతురులో మన కళ్ళు ఎరుపు కంటే నీలాన్ని బాగా పట్టుకుంటాయి, దాన్నే పుర్కింజీ ఎఫెక్ట్ అంటారు. 1957 నాటి 'మాయాబజార్' పడవ పాటలో వెన్నెల కూడా మార్కస్ బార్ట్లీ గారు సృష్టించిందే. అది బ్లాక్ అండ్ వైట్, ఆయనకి ఈ నీలం సాయం కూడా లేదు!

రెండో ఆదివారం కిటికీలకి బయటి నుంచి నల్ల చార్టులు అంటించాం. లోపల ఆంటీ వాళ్ళ కర్టెన్లు అలాగే ఉంచాం, రాత్రి గదిలో కర్టెన్ కనబడాలి కదా. అమ్మాయి వెనక ఉన్న కిటికీకి మాత్రం జానెడు సందు వదిలి, పల్చటి గుడ్డ కట్టాం. ఆ కాస్త ఎండే నీలంగా మారి జుట్టు మీద, భుజం మీద పడింది.

ఫ్రేమ్‌లో కనిపించే దీపాన్ని సినిమావాళ్ళు ప్రాక్టికల్ అంటారు (మన ల్యాబ్ ఎగ్జామ్ కాదు, భయపడకండి). మా టేబుల్ లైట్ నేరుగా పెడితే తెల్లటి ముద్దలా కనిపించింది. అందులో చిన్న బల్బు వేసి, ముఖానికి కావాల్సిన వెలుతురుని ఫ్రేమ్ బయట అదే వైపు నుంచి 9 వాట్ల వార్మ్ ఎల్ఈడీతో ఇచ్చాం. రెండో చెంప వైపు మామూలుగా తెల్ల థర్మోకోల్ పెడతారు. మేం నల్ల దుప్పటి పట్టుకుని నిలబడ్డాం, ఆ నీడ పోకూడదని. ముఖం మాత్రం బాగా కనబడేలా తీయండి. ఎడిటింగ్‌లో తగ్గించుకోవచ్చు గానీ, కెమెరాకి అందని దాన్ని తర్వాత పుట్టించలేం. షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షట్టర్ దానికి కుదరకపోతే బొమ్మ మీద చారలు పాకుతాయి.

ఇంతచేసీ తలుపు పైన వెంటిలేటర్ మర్చిపోయాం. మూడు దాటాక బీరువా మీద తెల్లటి గీత ప్రత్యక్షం! స్టూలెక్కి అట్టముక్క అడ్డం పెట్టేసరికి పావుగంట పోయింది. ఎండ కదిలేకొద్దీ మన "వెన్నెల" కూడా మారుతుంది కాబట్టి కిటికీ కనిపించే షాట్లు ముందే తీసేసుకోండి.

సౌండ్ మాత్రం గెలవలేకపోయాం. అర్ధరాత్రి సీన్‌లో కాకులు, ఆ వెనకే కూరగాయల బండి మైకు. డైలాగులు తర్వాత విడిగా చెప్పించి, రాత్రి పదకొండింటికి మా హాస్టల్ మేడ మీద కీచురాళ్ళనీ కుక్కల్నీ రికార్డ్ చేసి కింద వేశాం.

అంతా అయ్యాక ఎడిటింగ్‌లో ఎవడో గోడ గడియారం చూశాడు. 2:40. ఒక్క క్షణం అందరి గుండె ఆగింది. తర్వాత గుర్తొచ్చింది, రాత్రి కూడా రెండు నలభై అవుతుందిగా. అలాగే వదిలేశాం.