నిప్పురవ్వకు అదను

పాఠ్యభాగ ఉద్దేశం: యంత్రవిద్యలో కాలనియమానికి గల ప్రాధాన్యాన్ని తెలియజేయడం, శాస్త్రవిషయాలను తేటతెలుగులో వివరించే నేర్పును విద్యార్థులకు అలవరచడం.

విత్తనానికి అదను ఉన్నట్లే యంత్రంలో నిప్పురవ్వకూ అదను ఉంది. అదను తప్పిన విత్తు మొలవదు; అదను తప్పిన రవ్వ యంత్రాన్నే దెబ్బతీస్తుంది. ఈ సత్యాన్ని పాత అంబాసిడర్ కారు చక్కగా బోధిస్తుంది. 1958 నుండి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఈ కారులో చాలాకాలం 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును వాడారు. దాని నాలుగు సిలిండర్లలో 1, 3, 4, 2 అనే వరుసలో రవ్వ పుడుతుంది.

సిలిండరులోకి చేరిన పెట్రోలు, గాలి మిశ్రమాన్ని పిస్టన్ పైకి నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్గు వద్ద రవ్వ పుట్టగానే మిశ్రమమంతా ఒక్కసారిగా మండదు. మంట వ్యాపించడానికి కొంత కాలం కావాలి. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగేటప్పుడు ఒక్క చుట్టుకు పట్టేది 20 మిల్లీసెకన్లు. మంట వ్యాపించడానికి 2 మిల్లీసెకన్లు పట్టిందనుకుంటే, ఆలోగా క్రాంక్‌షాఫ్ట్ 36 డిగ్రీలు తిరుగుతుంది. కనుక పిస్టన్ శిఖరస్థానాన్ని చేరకముందే రవ్వ పుట్టాలి. వేగాన్ని బట్టి రవ్వను ముందుకు జరిపే పని డిస్ట్రిబ్యూటరులోని చిన్న బరువులది. వాటికి తొలిస్థానాన్ని నిర్ణయించడమే మెకానిక్ బాధ్యత.

రవ్వ మరీ తొందరపడితే పైకి వస్తున్న పిస్టన్‌ను మంట ఎదురుకొడుతుంది. ఇంజనులో ‘టకటక’మనే చప్పుడు పుడుతుంది, క్రమంగా పిస్టన్ దెబ్బతింటుంది. హ్యాండిల్‌తో ఇంజనును తిప్పే మనిషి చేతిని అది వెనక్కు తన్ని, మణికట్టును విరిచే ప్రమాదమూ ఉంది. రవ్వ ఆలస్యమైతే బలం సన్నగిల్లుతుంది, ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు వృథా అవుతుంది.

అదనును సరిచేయడానికి ముందు కాంటాక్ట్ పాయింట్ల ఎడాన్ని ఫీలర్ గేజీతో సరిచూడాలి. ఎడం మారితే అదనూ మారుతుంది. తరువాత ఒకటవ సిలిండరు ప్లగ్గు తీసి, ఆ రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఇంజనును మెల్లగా తిప్పాలి. వేలిని గాలి నెట్టితే పిస్టన్ నొక్కుడు దశలో ఉన్నట్లు. అప్పుడు పుల్లీపై ఉన్న గంటును కారు పుస్తకంలో చెప్పిన డిగ్రీ గుర్తుకు చేర్చాలి. డిస్ట్రిబ్యూటరు తీగకూ ఇంజను లోహానికీ మధ్య చిన్న 12 వోల్టుల బల్బును కలిపి, తాళం తిప్పాలి. బిగింపు బోల్టును వదులుచేసి, డిస్ట్రిబ్యూటరును రోటారు తిరిగే దిశలో తిప్పితే పాయింట్లు మూసుకొని బల్బు ఆరుతుంది. ఆపై ఎదురు దిశలో మెల్లగా తిప్పుతూ పోగా, పాయింట్లు విడివడిన క్షణాన బల్బు వెలుగుతుంది. రవ్వ పుట్టే క్షణం అదే. అక్కడే బోల్టును బిగించాలి.

నేటి కార్లలో ఈ లెక్కను కంప్యూటరు చూసుకుంటున్నది. అయినా సూత్రం మారలేదు. శక్తి ఎంత ఉన్నా, అది తగిన వేళకు అందినప్పుడే కార్యం సఫలమవుతుంది. ఆ వేళను చెవితో, వేలితో, చిన్న బల్బు వెలుగుతో పట్టుకొన్న మెకానిక్‌ల నేర్పు చదువరులకు ఆదర్శప్రాయం.

అర్థాలు: అదను = తగిన సమయం; ఎడం = మధ్య దూరం; గంటు = కోసిన గుర్తు.

ప్రశ్నలు:
1. పిస్టన్ శిఖరస్థానాన్ని చేరకముందే రవ్వ ఎందుకు పుట్టాలి?
2. అదను తప్పిన రవ్వ వల్ల కలిగే నష్టాలను వివరించండి.