వైద్యవిద్యా ప్రవేశం: ఐచ్ఛికాల వరుసను గురించి

కాణిపాకం వరసిద్ధి వినాయక స్వామి ఆలయానికి పోవు దారిలో మాకు తెలిసిన ఒక పెద్దమనిషికి గాజుల అంగడి ఉన్నది. వారి కుమార్తె మన కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, నీట్ పరీక్ష వ్రాసి, నడిమి తరగతిదనదగిన ర్యాంకు తెచ్చుకొన్నది. వెబ్ ఆప్షన్ల గడువు రెండు దినములలో ముగియనున్నదనగా ఆయన మాకు కబురు పంపినారు. మేము వెళ్ళునప్పటికి అంగడి గల్లాపెట్టె మీద ఒక నోటుపుస్తకం, అందులో కొట్టివేతలతో నిండిన కళాశాలల పట్టిక ఉన్నవి.

“సార్, నెట్ సెంటరు పిల్లోడు ఏమంటాడంటే, మీ పాపకు ర్యాంకు నడిమధ్యన ఉండాది, తిరుపతి పైన పెడితే అదీ రాదు, కింద పెట్టిందీ పోతుంది. చిత్తూరుదే మొదట పెట్టుకుంటే ఖాయం అన్నాడు. మీరేమంటారు?” అని ఆయన అడిగినారు. అమ్మాయి ఏమియు పలుకలేదు. ఆమె వ్రాసిన మొదటి పట్టికలో తిరుపతి పైన ఉన్నది. దానిని కొట్టివేసిన సిరా వేరు.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. ఏటేట మన విద్యార్థులు మమ్మల్ని అడుగుచున్నదే. దీనికి మేము ఒకప్పుడు తప్పు సమాధానం చెప్పియున్నాము గనుక, ఈ వ్యాసం వ్రాయుట మా బాధ్యతగా భావించుచున్నాము.

మొదట పద్ధతి ఎట్టిదో చూతము. మన రాష్ట్రంలో ఎం.బి.బి.ఎస్. కన్వీనరు సీట్లను విజయవాడలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం భర్తీ చేయుచున్నది. 1986లో నెలకొన్న ఈ సంస్థ పేరు 2022లో మారి, 2024లో మరల డాక్టర్ ఎన్.టి.ఆర్. పేరిటికి వచ్చినది. పూర్వం అభ్యర్థులు స్వయముగా హాజరై, అధికారుల యెదుట తమ వంతు వచ్చినప్పుడు మిగిలియున్న సీట్లను చూచి ఒకటి కోరుకొనెడివారు. ఇప్పుడు ఆ కోరుకొను పనిని మన తరఫున కంప్యూటరు చేయుచున్నది. మన వంతు వచ్చినప్పుడు మనము అక్కడ ఉండము. మనము ముందుగా వ్రాసియిచ్చిన వరుస ఉండును. అంతే భేదం. ఈ ఒక్క మాట మనసుకు పట్టినచో తక్కినది సులభం.

కంప్యూటరు ర్యాంకుల క్రమంలో నడచును. ఒక అభ్యర్థి వంతు రాగానే అతని పట్టికను పైనుండి చదువును. మొదటి కళాశాలలో అతనికి అర్హత గల సీటు ఏ కోటాలోనైనను ఉన్నదా? ఉన్నచో ఇచ్చును. లేనిచో రెండవ పేరు, తరువాత మూడవ పేరు. మన వంతు వచ్చునప్పటికి ఏయే సీట్లు మిగిలియుండునో నిర్ణయించువారు మనకన్న పై ర్యాంకువారు. మన పట్టిక ఆ మిగులును రవ్వంతయు మార్చలేదు. కావున మనము చేయగలిగినది ఒక్కటే: మిగిలినవానిలో మనకేది ఎక్కువ యిష్టమో చెప్పుట. పైన వ్రాసినది దొరకకపోయినంత మాత్రమున క్రిందిదానికి మన హక్కు తగ్గదు. “నన్ను రెండవచోట వ్రాసినాడు” అని కళాశాల కోపగించుకొనుటకు వీలులేదు. ఆ వరుస దానికి కానరాదు.

ఒక చిన్న ఉదాహరణం తీసికొందము. తిరుపతి, కర్నూలు, కడపలలో ఒక్కొక్క సీటే ఉన్నదనుకొందము. ర్యాంకుల క్రమంలో అమీన్, పద్మ, రఫీ అను ముగ్గురున్నారు. అమీన్ కర్నూలును, పద్మ, రఫీలిద్దరును తిరుపతిని మొదట వ్రాసినారు. అమీన్‌కు కర్నూలు, పద్మకు తిరుపతి వచ్చును; రఫీకి కడప మిగులును. ఇప్పుడు పద్మ భయపడి, తనకు తిరుపతి రాదేమోనని కడపను పైకి తెచ్చినదనుకొనుడు. ఆమె వంతు రాగానే కంప్యూటరు కడపను ఇచ్చివేయును. తిరుపతి సీటు ఆమెకన్న తక్కువ ర్యాంకు గల రఫీకి పోవును. పద్మ సీటును ఎవరును లాగికొనలేదు, ఆమెయే వదలుకొన్నది.

మా తప్పు ఇట్టిదే. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యార్థికి, దగ్గరనున్న ప్రైవేటు కళాశాలను మొదట పెట్టుమని, అది క్షేమమని, పెద్దరికముతో చెప్పితిమి. అతనికి ఆ సీటే వచ్చినది. మేము సంతోషించితిమి. చివరి ర్యాంకుల పట్టిక వెలువడిన తరువాత చూడగా, అతని వర్గములో అతనికన్న వెనుకనున్నవారికి ప్రభుత్వ కళాశాలలో సీట్లు వచ్చియున్నవి. రెండవ విడతలో అక్కడ అతని వర్గానికి ఖాళీ రాలేదు. ఆ అబ్బాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

ఇంత తప్పుడు సలహా ఇంతమంది నోట ఎట్లు నిలిచినది? అది మరియొక పద్ధతిలో నిజమగుటచేతనే. కొన్నిచోట్ల మొదటి ఐచ్ఛికములన్నిటిని ముందు పూర్తిచేసి, ఆ తరువాతనే రెండవ ఐచ్ఛికములను చూచెడివారు. అమెరికాలోని బోస్టన్ నగరపు పాఠశాలలలో 2005 వరకు ఇట్లే జరిగినది. మన ముగ్గురినే తీసికొందము: అమీన్, పద్మలు తిరుపతిని, రఫీ కర్నూలును మొదట వ్రాసినచో, మొదటి చుట్టులోనే తిరుపతి అమీన్‌కు, కర్నూలు రఫీకి పోవును. పద్మ రెండవ ఐచ్ఛికం కర్నూలే అయినను, ర్యాంకు మెరుగైనను, ఆమెకు కడపయే గతి. అట్టిచోట పద్మ తిరుపతి మీది ఆశను దాచి కర్నూలును మొదట వ్రాసియుండవలసినది. అక్కడి తల్లిదండ్రులు గుంపుగా కూడి ఇట్టి ఎత్తుగడలను ఒకరికొకరు నేర్పుకొనెడివారట. ఎత్తుగడ తెలియని పేదల పిల్లలు నష్టపోవుచున్నారన్న విమర్శ మీదనే ఆ పద్ధతి తొలగినది.

ఈ విషయమునకు శాస్త్రపు పునాది 1962లో పడినది. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను ఇద్దరు గణితవేత్తలు కళాశాలా ప్రవేశాలను, వివాహ సంబంధాలను ఒకే లెక్కగా చూచి ఒక చిన్న వ్యాసం వ్రాసినారు. అంతకు పదేండ్ల ముందే, 1952 నుండి, అమెరికాలో వైద్య పట్టభద్రులను ఆసుపత్రులతో జతపరచుటకు దాదాపు అటువంటి పద్ధతియే వాడుకలో ఉన్నదని తరువాత ఆల్విన్ రోత్ చూపినాడు. 1998లో ఆయన సాయముతో దానిని అభ్యర్థుల వైపు మొగ్గునట్లు సవరించినారు. షాప్లీకి, రోత్‌కు 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. అభ్యర్థి తన యిష్టమును ఉన్నదున్నట్లు వ్రాయుటయే లాభకరమగు పద్ధతులు కలవని ఈ శాస్త్రం నిరూపించినది. ర్యాంకు క్రమంలో నడచు మన పద్ధతి వానిలో మిక్కిలి సరళమైనది. ఇంగ్లండు సంగతి వేరు: అచ్చట విద్యార్థి అయిదు దరఖాస్తులలో నాలుగింటినే వైద్యవిద్యకు పెట్టవచ్చును, వరుస వ్రాయనక్కరలేదు. వరుస బెంగ లేదు గాని, నాలుగే గనుక ఏ నాలుగు అన్న ఎత్తుగడ తప్పదు. మన పట్టిక పొడవుగా ఉండవచ్చును గనుక ఆ చిక్కు మనకు లేదు.

కాణిపాకములో ప్రమాణం చేసి అబద్ధమాడరాదని చిత్తూరు సీమలో తెలియనివారు లేరు. అప్పు తగవులు, దొంగతనపు నిందలు ఎన్నియో అక్కడి కోనేటి స్నానముతో తేలిపోయినవని పెద్దలు చెప్పుదురు. ఆప్షన్ల పత్రం కూడ అట్టి చోటేనని మేము ఆ గాజుల అంగడిలో నవ్వుచు అంటిమి. అక్కడ భయం కొద్ది అసత్యం వ్రాసినచో నష్టపోవునది వ్రాసినవారే.

ఇక కోటాల మాట. 371-డి అధికరణం క్రింద వచ్చిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. ఇక్కడి కళాశాలలలో 85 శాతం సీట్లు స్థానికులవి. 1923 నాటి విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల, 1946 నాటి గుంటూరు కళాశాల మనకు స్థానికములు కావు. అక్కడ మనకున్నది అనిర్దేశితమైన 15 శాతములోని పోటీ మాత్రమే. అయినను, విశాఖయే నిజముగా ఇష్టమైనవారు దానిని పైన వ్రాసినందువలన తిరుపతికి (ఇది 1960 నాటిది) నష్టమేమియు లేదు.

మన సమాజములోని షేక్ మున్నగు 14 సమూహాలకు 2007 చట్టముచే బి.సి.-ఇ వర్గమున 4 శాతం రిజర్వేషన్ ఏర్పడినది, దూదేకులవారు బి.సి.-బి వర్గమునకు చెందుదురు. ఈ ధ్రువపత్రములలో తేడా వచ్చి సీటు పోయినవారిని మేమెరుగుదుము; వరుసకన్న ముందు దానిని సరిచూచుకొనవలెను. ఓపెన్ కోటాలో సీటు రాదగిన రిజర్వేషన్ అభ్యర్థి తన వర్గపు సీటుతో ఇంకను మేలైన కళాశాలకు పోయినచో, అతడు విడిచిన సీటు ఆ వర్గమునకే చెందవలెనని 2001 నాటి 550వ ఉత్తర్వు చెప్పినది. దానిపై న్యాయస్థానాలలో వివాదాలు చాలా నడచినవి. విద్యార్థికి కావలసినది ఇంతే: ఏ కోటాలో వచ్చునోయని వరుసను మార్చనక్కరలేదు.

జాగ్రత్త పడవలసిన చోట్లు వేరే ఉన్నవి. ఇష్టము లేనిది, ఫీజు కట్టలేనిది పట్టికలో ఉండరాదు; ఉన్నచో అది రావచ్చును. చేరగలిగినదానిని ‘ఎందుకులే’ అని మానివేయను రాదు. యాజమాన్య కోటా పట్టిక వేరు, అఖిల భారత కోటా పట్టిక వేరు. 2023లో వచ్చిన కొత్త ప్రభుత్వ కళాశాలలలో 35 శాతం సీట్లు స్వయం ఆర్థిక పద్ధతివి. పేరులో ‘ప్రభుత్వ’ అని చూచి ఫీజు చూడకున్న కష్టం. రెండవ విడతలో పై సీటు వచ్చినచో పాత సీటు దానంతటదే పోవును, మరల అడుగుటకు వీలుండదు. కావున ఆ విడతలో ఉన్నదానికన్న నిజముగా మెరుగైనవే వ్రాయవలెను. ఆ యేటి ప్రకటనను స్వయముగా చదువవలెను. ముఖ్యముగా పాస్‌వర్డును, ఫోనుకు వచ్చు ఓటీపీని నెట్ సెంటరులో అప్పగించి రారాదు.

ఇదంతయు విని ఆ తండ్రి కొంతసేపు గాజులు సర్దుచు ఊరకున్నారు. తరువాత, “సార్, సీటు పోతుందనే భయం ఒకటి. ఆడపిల్ల ఇంటికాడే ఉండాలనేది ఇంకోటి. రెండూ కలిపేసినా నేను” అన్నారు. మాకు ఆ మాట నచ్చినది. దగ్గరతనమే కోరికయైతే చిత్తూరును పైన వ్రాయుట తప్పు కాదు. అది ఆయన యిష్టం. భయము చేత వ్రాయుటయే తప్పు. భయమునకు మేము సమాధానం చెప్పితిమి. రెండవదానికి కుమార్తె చెప్పవలసియున్నది.

“అబ్బా, తిరుపతి గంటన్నర దూరం. రుయా ఆసుపత్రిలో చూసినన్ని రోగాలు ఇంకెక్కడ చూస్తాను? ఏది వచ్చినా ప్రతి నెలా వస్తాను” అన్నది ఆ అమ్మాయి.

ఆయన కలం ఆమె చేతికిచ్చినారు. తిరుపతి, కర్నూలు, కడప, అనంతపురం, నెల్లూరు, తరువాత విశాఖ, గుంటూరు, అటుపిమ్మట చిత్తూరు మొదలుగా కన్వీనరు కోటా గల ప్రైవేటు కళాశాలలు: మొత్తం పదునాలుగు పేర్లు. మేము మూడుమార్లు సరిచూచితిమి.

మొదటి విడత ఫలితములలో కంప్యూటరు మూడవ పేరు దగ్గర ఆగినది. పైనున్న రెండు రాలేదు. రానందువలన ఏమియు చెడలేదు. చిత్తూరును పైన పెట్టియున్నచో ఆమె కడప ప్రభుత్వ కళాశాలను చూచెడిది కాదు. చేర్చిరావలసిన నాడు తండ్రి అంగడి మూసి ఆమె వెంట వెళ్ళినారు. తిరిగివచ్చి, పెద్ద దర్గాలో ఫాతెహా కూడ ఇచ్చి వచ్చితిమని, బస్సు ఛార్జీ తాననుకొన్నంత లేదని చెప్పినారు.