భక్తియు దాస్యమును

భక్తి మనుజునకు స్వాతంత్ర్య మొసగునా, మఱియొక దాస్యమును దెచ్చునా? ఈ ప్రశ్నను మన కృష్ణా మండలమున గట్టిగా నడిగినవారు గోపరాజు రామచంద్రరావుగారు. గోరా యనిన మన పెద్ద లెఱుగుదురు. వృక్షశాస్త్రము బోధించు వీరు నాస్తికులైనందున 1933లో కాకినాడలో నుద్యోగమును గోల్పోయిరి. 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును నెలకొల్పి, 1947లో దానిని విజయవాడ పటమటకు దెచ్చిరి.

దేవుని నమ్మువాడు తన మంచిచెడ్డల భారమును వేఱొకనిపై వైచి బానిసయై బ్రదుకునని వారి వాదము. కులమును, పేదఱికమును దైవాజ్ఞ యని సహించువాడు వాని నెన్నడును మాన్పజాలడనిరి. విద్యార్థులారా, ఈ మాటను తేలికగా ద్రోసివేయరాదు. మన పల్లెలలో నూరిబావి నీరు ముట్టనీయక తోడిమనుజులను దూరముగ నుంచినవారు నాస్తికులు కారు. నిత్యము దేవుని గొలుచువారే.

అయినను దాసుడనిన ప్రతివాడును బానిస యగునా? కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారై, సర్కారు సొమ్ముతో భద్రాచలమున గుడి గట్టించి గోలకొండ చెఱపాలయ్యెను. (ఆ సొమ్ము రైతులు చెల్లించిన శిస్తు. కీర్తనలు పాడునపుడు మన మీ సంగతి మఱతుము.) ఆయన తన్ను రామదాసు ననుకొనెను గాని, చెఱలో నుండి యా రామునే నిలదీసెను, తిట్టెను, నగలకైన వ్యయమును లెక్కజెప్పెను. యజమానిని లెక్క లడుగు బానిసను మేము వినలేదు. అపొస్తలుడైన పౌలును క్రీస్తు దాసుడనని వ్రాసికొనెను. అన్యజనులతో గూర్చుండి భుజించుటకు పేతురు వెనుదీసినపుడు వాని ముఖముననే యెదిరించినవాడు నీ దాసుడే.

కావున నొకని భక్తి యెట్టిదో వాడు మ్రొక్కుచున్నప్పుడు తెలియదు. పరుల విషయమున దెలియును. గోరాగారు తమ కొమార్తెను, అంటరానివారని లోకము వెలివేసిన కులమున బుట్టిన యువకునకిచ్చి పెండ్లిచేయ నిశ్చయించిరి. ఆ పెండ్లిని సేవాగ్రామమున దామే జరిపింతుమని గాంధీమహాత్ములు మాటయిచ్చిరి. నాస్తికుని యింటి పెండ్లి గనుక, దేవుని పేరు వచ్చుచోట సత్యమను మాట నుంచుటకు నొప్పుకొనిరి. ఉదయసాయంకాలములు ప్రార్థన దప్పని భక్తుడు, ఇతరుల మనస్సాక్షికొఱకు దన దేవుని పేరునే ప్రక్కనుంచెను. ఇట్టివానిని బానిస యనుటకు మాకు నోరాడదు.

1948 జనవరి 30వ తేదీన గాంధీగారు హతులైరి. ఆ మార్చినెలలో, వారు లేకయే, సేవాగ్రామమున నా పెండ్లి జరిగెను.