దసరా గిరాకీలో యాడ్ వాటా ఎంత?

బిడ్డా,

నువ్వు పంపిన దుకాణం లెక్కలు మొత్తం చూసిన. దసరా ముందు ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ యాడ్‌లకు పన్నెండు వేలు పెట్టినవు. అమ్మకం ఆగస్టు కంటే రెండింతలైంది. అందుకే అప్పు తెచ్చి సంక్రాంతికి ముప్పై వేలు పెడతానంటున్నవు. ఆ అప్పు గురించే ఈ ఉత్తరం.

సెంటినరీ కాలనీలో బట్టల దుకాణం నడిపేటోళ్ళు ముందు చూడాల్సింది సింగరేణి బొగ్గు కంపెనీ పైసలు పడిన తారీఖు, ఆ తర్వాతే ఫోన్‌లో రిపోర్టు. ఈ 2024 దసరా ముందు కంపెనీ లాభాల్లోంచి 796 కోట్లు కార్మికులకు పంచింది. కాంట్రాక్ట్ కార్మికులకు మొదటిసారి తలా 5,000 ఇచ్చింది. ఆ వెనుకే పర్మనెంట్ కార్మికులకు దీపావళి బోనస్ తలా 93,750 రూపాయల దాకా. అప్పుడు యాడ్ ఇయ్యని దుకాణాల్లో కూడా నిలబడ జాగ లేకుండె.

ఓసీపీలో, అంటే ఓపెన్‌కాస్ట్ గనిలో, జులై బొగ్గును మే బొగ్గుతో పోల్చి ఎవరూ తీర్పు చెప్పరు. వానలకు ఉత్పత్తి తగ్గుతదని అందరికీ ఎరుకే, అందుకే నిరుటి జులైతో పోలుస్తరు. నువ్వు కూడా ఈ దసరాను నిరుటి దసరా పక్కన పెట్టు. అప్పుడు యాడ్ లేదు, బిల్లు పుస్తకం ఉంది. నిరుడు పంచిన వాటా 711 కోట్లు, అంటే ఈసారి దాదాపు 12 శాతం ఎక్కువ. నీ అమ్మకం కూడా ఆ మేరకే పెరిగి ఉంటే అది యాడ్ గొప్పతనమని చెప్పలేం. అంతకు బాగా మించితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఫిబ్రవరిలో బోనస్‌లు ఉండవు, పరీక్షకు అదే మంచి నెల. రెండు వారాలు మంథని వైపే యాడ్ నడుపు, 8 ఇంక్లైన్ కాలనీ వైపు ఆపు. తర్వాతి రెండు వారాలు తిప్పి చెయ్యి. బిల్లు రాసేటప్పుడు ఏ ఊరు, దుకాణం సంగతి ఎట్ల తెలిసింది అని అడిగి పక్కన రాసుకో. గోదావరిఖనిలో వేలమంది చూసిండ్రని రిపోర్టు చెప్తది, కానీ అక్కడి లక్ష్మీనగర్ బజారు ఇంటి ముందర పెట్టుకొని వాళ్ళు ఇంత దూరం ఎందుకొస్తరు బిడ్డా?

మిగులు కూడా చూడాలె. యాడ్‌కు ఐదు వేలు పెడితే ఇరవై మంది కొత్తోళ్ళు వచ్చి వెయ్యి చొప్పున కొన్నరనుకో. చీర మీద ఇరవై శాతం మిగిలితే నీ చేతికొచ్చేది నాలుగు వేలే. వాళ్ళు ఉగాదికి మళ్ళీ వస్తేనే ఆ యాడ్ గిట్టుబాటైనట్టు. అందుకే ఎవరు తిరిగి వచ్చిండ్రో గుర్తు పెట్టు.

నీ రిపోర్టులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ధర అడుగుతూ ఎక్కువ మెసేజ్‌లు రాత్రి పదకొండు దాటినాక వచ్చినయి, అంటే సెకండ్ షిఫ్టు దిగే వేళ. నువ్వు జవాబిచ్చింది మరునాడు మధ్యాహ్నం. ఆపాటికి వాళ్ళు వేరే చోట కొని ఉంటరు. ప్రతి ఫొటో కింద ధర రాసిపెడితే రూపాయి ఖర్చు లేకుండా వాళ్ళల్లో కొందరు నీ దగ్గరికొస్తరు. రేపటి నుంచే మొదలుపెట్టు.

సంక్రాంతికి కార్మికులకు జీతం తప్ప వేరే పైసలు పడవు. అందుకే అప్పు మాత్రం తేవద్దు. ఆదివారం రెండేండ్ల బిల్లు పుస్తకాలు పట్టుకొని ఇంటికి రా, కూర్చొని చూద్దాం.

నీ పెద్దబాపు