కిలిమంజారోకి రోజులు పెంచుకోండి

ప్రశ్న: మాది జంగారెడ్డిగూడెం. వయసు 42. రోజూ గంట నడుస్తాను, బీపీ, షుగర్ లేవు. గైడుతో కిలిమంజారో ఎక్కగలనా?

జవాబు: ఎక్కవచ్చండి. 5,895 మీటర్ల ఆ శిఖరానికి మామూలు దారుల్లో తాళ్లతో పనిలేదు. అసలు పరీక్ష పలచటి గాలితోనే. పైన ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదానిలో దాదాపు సగం. ఒంట్లో సత్తువ ఉన్నంత మాత్రాన తలనొప్పి, వాంతులు రాకుండా పోవు. తొందరపడి ఎక్కిన కుర్రాళ్లూ దెబ్బతింటారు. అందుకే అయిదు రోజుల చవక ప్యాకేజీ వద్దేవద్దు, ఏడెనిమిది రోజులది తీసుకోండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకపోవడం మంచిది.

ఇక సాధన సంగతి. 2014 మే 25న మన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్ ఎక్కారంటే, అంతకుముందు భువనగిరి రాతికొండ నుంచి డార్జిలింగ్, లద్దాఖ్ దాకా నెలల తరబడి సాధన చేయబట్టే. మీకు ఊళ్లోనే పారిజాతగిరి కొండ ఉంది. నాలుగు నెలలపాటు వీపున అయిదారు కిలోల సంచితో ఎక్కి దిగండి. కొత్త బూట్లు ఇక్కడే కాలికి అలవాటు కావాలి.

ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే అసిటజోలమైడ్ మాత్ర డాక్టరు చెబితేనే వేసుకోండి. సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పండి. కొండమీద తలనొప్పిని గైడు దగ్గర దాచకండి. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అర్ధరాత్రయినా సరే కిందికి దిగిపోవాలి.